రాళ్లపాడుకు వచ్చే వరద లెక్కలో ఉపగ్రహం చెప్పే నేల తేమ పనికొస్తుందా?

మన్నేటిగట్టు
అందరికీ నమస్కారం. నెల్లూరు, ప్రకాశం వైపు పారే మన్నేరు మీద రాళ్లపాడు రిజర్వాయర్‌కు పైనున్న పరీవాహకానికి వాన–వరద మోడల్ ఒకటి తయారు చేస్తున్నాను. హెచ్‌ఈసీ–హెచ్‌ఎంఎస్ అనే వరద లెక్కల సాఫ్ట్‌వేర్‌లో, సీఎన్ (కర్వ్ నంబర్) పద్ధతి. సీఎన్ అంటే పడిన వానలో ఎంత పారుతుందో తేల్చే అంకె, అది పెద్దదైతే ఎక్కువ పారుతుంది. వానకు మండలాల ఆటోమేటిక్ స్టేషన్ల లెక్కలు తీసుకున్నా.

సమస్య ఏంటంటే, సెప్టెంబర్‌లో ఒక పెద్ద వాన పడితే మోడల్ బోలెడు నీళ్లు చూపిస్తుంది, రిజర్వాయర్‌లో మట్టం మాత్రం కదలదు. నవంబర్ చివర్లో అంతకంటే తక్కువ వానకే మోడల్ చెప్పినదాన్ని మించి వచ్చిపడతాయి. సీఎన్ పెంచితే సెప్టెంబర్ ఇంకా చెడుతుంది, తగ్గిస్తే నవంబర్ చెడుతుంది. నేల ముందే ఎంత తడిసి ఉందో వెనకటి ఐదు రోజుల వానను బట్టి తేలుస్తున్నా, పుస్తకంలో ఉన్నట్టే. దాని బదులు స్మాప్ ఉపగ్రహం ఇచ్చే నేల తేమ పెడితే బాగుపడుతుందా? మన జిల్లాల్లో ఎవరైనా చేసి చూశారా?

తేమలెక్క
నెల్లూరు అమ్మాయినే, ఇప్పుడు హైదరాబాద్‌లో రిమోట్ సెన్సింగ్ పని. బాగుపడుతుంది, కానీ మీరనుకున్నంత కాకపోవచ్చు. ముందు ఆ ఐదు రోజుల నియమం ఎంత దెబ్బ తీస్తుందో అంకెల్లో చూడండి.

సీఎన్ 80 అనుకుందాం, వాన 100 మి.మీ. నేల మధ్యస్థంగా తడిసి ఉంటే పారేది సుమారు 50 మి.మీ. ఎండి ఉంటే సీఎన్ 63కి దిగుతుంది, పారేది 22 మి.మీ. బాగా తడిసి ఉంటే 91కి ఎక్కుతుంది, పారేది 75 మి.మీ. అంటే అదే నేల మీద పడిన అదే వానకు చదరపు కిలోమీటరుకు 22 వేల ఘనపు మీటర్ల నీళ్లు రావచ్చు, 75 వేలైనా రావచ్చు. ఇంత తేడాను మనం దేనికి వదిలేస్తున్నామంటే, పైరున్న కాలంలో ఐదు రోజుల్లో 36 మి.మీ. లోపు పడితే ఎండు, 53 దాటితే తడి అనే గీతకు. 52 పడితే ఒక జవాబు, 54 పడితే ఇంకో జవాబు.

ఇంకో తిరకాసు. 2021 నవంబర్ గుర్తుందా? 11న ఒక వాయుగుండం చెన్నై దగ్గర తీరం దాటింది, 19న ఇంకొకటి చెన్నై–పుదుచ్చేరి మధ్య దాటింది. 18న లెక్క మొదలుపెడితే 11న పడిన వాన ఆ ఐదు రోజుల్లోకి రాదు. నేల దాన్ని మరచిపోదు కదా. నల్లరేగడి అయితే అసలే మరచిపోదు.

ఉపగ్రహం తేమ పనికొచ్చేది ఇక్కడే. వాన మొదలయ్యే ముందురోజు నేల ఏ స్థితిలో ఉందో కొలిచి చెబుతుంది.

కోవూరుకుర్రోడు
అక్కా, తెలియక అడుగుతున్నా. ఆకాశం నుంచి చూసి నేలలో చెమ్మ ఎట్లా తెలుస్తుంది? పైన మబ్బు ఉంటే?

తేమలెక్క
మైక్రోవేవ్ తరంగాలు, తమ్ముడూ. వాటికి మబ్బు పెద్దగా అడ్డు కాదు. ప్రతి వస్తువూ సన్నగా మైక్రోవేవ్ వెదజల్లుతూ ఉంటుంది. విద్యుత్ గుణంలో ఎండు మట్టికీ నీటికీ చాలా దూరం: డైఎలక్ట్రిక్ విలువ ఎండు మట్టికి 3, 4 దాకా, నీటికి 80 దాకా. అందుకే మట్టి తడిసేకొద్దీ అది వెదజల్లేది తగ్గుతుంది. 2015 జనవరి 31న నాసా పంపిన స్మాప్ ఎల్–బ్యాండ్‌లో, అంటే పొడవాటి మైక్రోవేవ్ తరంగాల్లో, దాన్నే కొలుస్తుంది. స్థానిక సమయం పొద్దున ఆరుకు, సాయంత్రం ఆరుకు దాటుతుంది. రెండు మూడు రోజులకోసారి ఒకే చోటికి వస్తుంది. తెల్లవారుజామున మట్టీ చెట్టూ దాదాపు ఒకే వేడిలో ఉంటాయి కాబట్టి పొద్దుటి లెక్క కాస్త నమ్మకంగా ఉంటుంది.

దానిలో రాడార్ కూడా ఉండేది. అదే ఏడాది జూలైలో పాడైపోయింది. అది ఉండి ఉంటే మన కష్టాలు సగం తగ్గేవి. ఇప్పుడు మిగిలినదానికి అసలు కొలత గడి 36 కి.మీ., అంటే 1,300 చదరపు కి.మీ. దాకా ఒకే అంకె. రాళ్లపాడు పైన పరీవాహకం అంతా ఒకటి రెండు గళ్లలో ఇమిడిపోవచ్చు. 9 కి.మీ. అని ఇచ్చేది ఒకదానిమీదొకటి పడే కొలతల నుంచి గణితంతో సాగదీసినది.

తూముతాత
నేను ఇరిగేషన్‌లో చేసి రిటైరయినవాణ్ణి. మన్నేటిగట్టు అబ్బాయ్, నీ ప్రశ్నకు సగం జవాబు నేల తేమలో లేదు, చెరువుల్లో ఉంది. రాళ్లపాడు పైన ఎన్ని చెరువులున్నాయో మ్యాప్ తీసి చూశావా? సెప్టెంబర్‌కు అవన్నీ అడుగంటి ఉంటాయి. పడిన వాన వాగులోకి వచ్చినా మొదటి చెరువు ఆపుతుంది, అది నిండి అలుగు పారితేగాని రెండోది నిండదు. గొలుసు చెరువులు మన పెద్దలు కట్టిందే ఒక్క చుక్క కిందికి పోకుండా. నవంబర్‌కు అన్నీ అలుగు మట్టంలో ఉంటాయి. అప్పుడు పడిందంతా ఒకదాని అలుగు మీదుగా ఇంకోదాని అలుగు మీదికి దూకి నేరుగా నీ రిజర్వాయర్‌కొస్తుంది. వాటిలో ఏ కట్టయినా తెగిందంటే చెప్పనక్కర్లేదు, కింద వాటినీ తెంపుకుంటూ పోతుంది.

నీ మోడల్‌లో చెరువులు లేకపోతే సెప్టెంబర్ తప్పు మొత్తాన్నీ సీఎన్ మీద వేస్తావు. తర్వాత ఉపగ్రహం తెచ్చి దాని మీద వేస్తావు.

మన్నేటిగట్టు
సార్, చెరువులు పెట్టలేదు. వాటి కెపాసిటీ పట్టికలు అన్నిటికీ దొరకలేదు.

తూముతాత
అన్నీ దొరకవు. పెద్దవాటికి విడిగా పెట్టు, చిన్నవన్నీ కలిపి ఒక్క ఊహా చెరువు చెయ్యి. అదైనా అసలు లేకపోవడం కంటే నయం.

రేగడిరైతు
మాది దర్శి దగ్గర. శనగ, కంది వేస్తాం. మీ లెక్కలు నాకు సగమే అర్థమవుతున్నాయి గానీ ఒక మాట. ఎండాకాలం తర్వాత రేగడిలో చెయ్యి దూరే బీటలుంటాయి. మొదటి వాన ఎంత పెద్దదైనా బీటల్లోకి దిగిపోతుంది, గట్టు దాటి రాదు. రెండు మూడు వానలకు నేల ఉబ్బి బీటలు మూసుకుంటే అప్పుడు చినుకు కూడా లోపలికి పోదు, పైనే నిలబడుతుంది. పైపైన తడి రెండుసార్లూ ఒకేలా కనిపిస్తుంది. ఉపగ్రహానికి బీట కనిపిస్తుందా?

తేమలెక్క
రేగడిరైతు గారూ, మంచి చోట పట్టుకున్నారు. కనిపించదు. ఎల్–బ్యాండ్ చూసేది మామూలుగా పై 5 సెం.మీ. మట్టి. బీట లోపల నీళ్లు ఎంత దిగాయో దానికి తెలియదు.

మన దేశంలో సీఎన్ వాడేటప్పుడు దీనికి ఒక సవరణ ఉంది. నేల పట్టగలిగే మొత్తం నీటిలో, పారకం మొదలయ్యేలోపే మింగేసే వాటాను అమెరికా పద్ధతిలో 0.2 అని పెడతారు. మన చేతిపుస్తకాల్లో నల్లరేగడి మధ్యస్థంగానో బాగానో తడిసి ఉంటే 0.1, ఎండు రేగడికీ మిగతా నేలలకూ 0.3. బీటలు తెరుచుకున్నప్పుడు ఎక్కువ మింగుతుంది, మూసుకున్నాక తక్కువ మింగుతుంది అని మీరు చెప్పినదే అందులో ఉంది. మన్నేటిగట్టు గారు హెచ్‌ఈసీ–హెచ్‌ఎంఎస్‌లో ఆ గడి ఖాళీగా వదిలేసి ఉంటే సాఫ్ట్‌వేర్ 0.2 తీసేసుకుంటుంది, ఒకసారి చూడండి.

ఇంకో హెచ్చరిక. స్మాప్ ఇచ్చే అంకెను అలాగే పెట్టకండి. 0.25 అంటే ఘనపరిమాణంలో నాలుగో వంతు నీరు. కందుకూరు, ఒంగోలు వైపు బరువైన రేగడిలో 0.25 ఉంటే మొక్క వాడిపోయే దగ్గర ఉన్నట్టు. ఉదయగిరి, పామూరు వైపు ఇసుక పాలున్న ఎర్ర నేలలో అదే 0.25 అంటే బాగా నానినట్టు. కాబట్టి ఆ గడికి ఉన్న పదేళ్ల చరిత్రలో ఈ రోజు విలువ ఏ స్థానంలో ఉందో చూసి, దాన్ని సున్నా నుంచి ఒకటి దాకా తడి సూచికగా మార్చుకోండి. ఆ సూచికతో సీఎన్‌ను 63 నుంచి 91 దాకా జరపండి, మెట్లు మెట్లుగా కాకుండా నునుపుగా.

కోవూరుకుర్రోడు
పై 5 సెంటీమీటర్లే అయితే ఒక రోజు ఎండ కాస్తే ఆరిపోద్ది కదా. కింద తడి ఉన్నా పైన పొడిగా కనిపిస్తే?

తేమలెక్క
అందుకే నేరుగా వాడరు. ఆస్ట్రియా వాళ్లు 1990లలోనే ఒక తేలికపాటి ఫిల్టర్ కట్టారు. ఈ రోజు పై తేమకు ఎక్కువ బరువు, నిన్నటిదానికి కొంచెం తక్కువ, అలా వెనక్కి తగ్గుతూ పోతే కింది పొరల తేమకు దగ్గరి అంచనా వస్తుంది. దానిలో ఒక్కటే మీట, రోజుల్లో లెక్కించే కాలం. మీటరు లోతుకు 20 రోజులతో మొదలుపెడతారు. ఎర్ర నేలకు తగ్గించాలి, రేగడికి పెంచాలి. లేదంటే స్మాప్ వాళ్లే నాలుగో స్థాయి ఉత్పత్తిలో మీటరు లోతు దాకా వేరు మండలం (మొక్కల వేళ్లుండే పొర) తేమ 9 కి.మీ. గళ్లలో, మూడు గంటలకోసారి ఇస్తారు. అందులో ఉపగ్రహం కొలతతో పాటు భూమి ఉపరితల మోడల్ కలిసి ఉంటుంది. మన వానల విషయంలో ఆ మోడల్ తిన్న వాన డేటా ఎంత బాగుంటే అదీ అంతే బాగుంటుంది.

రేగడిరైతు
అంటే ఇప్పుడు శనగ వెయ్యొచ్చా లేదా అని ఆ వేరు మండలం చెప్పలేదా? అక్టోబర్ చివర్లో మాకు ఆ టెన్షనే. పదును తప్పితే మొలక రాదు, ఎక్కువ తడిలో వేస్తే కుళ్లుతుంది.

తేమలెక్క
మీ చేనుకు చెప్పలేదండీ. 9 కి.మీ. గడిలో మీ చేను ఎక్కడో ఒక మూల. మండలం మొత్తం ఎలా ఉంది, పోయినేడాది ఇదే వారం కంటే ఎండా తడా అన్నంత వరకు చెబుతుంది. విత్తనం పడే లోతున మట్టి తీసి పిడికిట్లో ముద్ద కట్టి చూసుకునే మీ పద్ధతే దానికంటే గట్టిది.

తూముతాత
ఇంత గందరగోళం దేనికమ్మా? ఐదు రోజుల నియమం వద్దంటావా, సరే. రోజువారీ వానను ఒక గుణకంతో తగ్గించుకుంటూ కూడుకునే పూర్వవర్ష సూచిక ఉండనే ఉంది. నిన్నటి సూచికను 0.9తో గుణించి ఈ రోజు వాన కలుపు. కాగితం మీద చెయ్యొచ్చు. 11వ తేదీ వాన 18 దాకా దానిలో కనిపిస్తూనే ఉంటుంది. దీనికి నాసా ఎందుకు?

తేమలెక్క
సార్, వర్షమాపకాలు బాగున్నచోట మీరు చెప్పింది నిజం. ఉపగ్రహం తేమ కలిపితే ప్రవాహం లెక్క కొంచెమే బాగుపడుతుంది; మాపకాలు తక్కువున్న చోటే లాభం ఎక్కువ. వరదలో పెద్ద తప్పు ఎప్పుడూ వాన కొలతలోనే ఉంటుంది.

అయినా రెండు చోట్ల మీ సూచిక పొరపడుతుంది. ఒకటి, కాలువ నీళ్లు. వాన పడకుండానే కాలువ కింద మాగాణి నిండా నానబెట్టి ఉంటే సూచిక సున్నా, నేల తడి. ఉపగ్రహానికి తేడా తెలుస్తుంది. రెండు, ఎండ. సెప్టెంబర్‌లో నేల ఆరే వేగం, డిసెంబర్‌లో ఆరే వేగం ఒకటి కాదు. మీ 0.9 రెండు నెలలకూ ఒకటే. మీ సూచికా పెట్టమనండి, స్మాప్ సూచికా పెట్టమనండి. రెండూ బాగా తేడాపడిన రోజుల్ని విడిగా తీసి చూస్తే మాపకం మొరాయించిన స్టేషన్లు బయటపడతాయి. నాకైతే ఆ పని ఒక్కదానికే ఉపగ్రహం ఖర్చు దక్కుతుందనిపిస్తుంది.

తూముతాత
మాపకం మొరాయించడం... అది చెప్పావు బాగుంది. పీత గూడు, ఆకులు, ఎవరో కుర్రాళ్లు రాళ్లు వెయ్యడం. అన్నీ చూశాను.

కోవూరుకుర్రోడు
ఇదంతా పెన్నకు పనికొస్తుందా? 2021లో మా ఊరి పక్క హైవే తెగింది. సోమశిల నుంచి ఒక్కసారిగా లక్షల క్యూసెక్కులు వదిలారు. ముందురోజు నేల తేమ చూసి ఉంటే తెలిసేదా?

తూముతాత
నెల్లూరు నేల తేమ చూసి పెన్న వరద చెప్పలేవు నాయనా. ఆ నీళ్లు కడప, చిత్తూరు, అనంతపురం నుంచి వచ్చాయి. నవంబర్ 19న చెయ్యేరు మీద అన్నమయ్య డ్యామే తెగిపోయింది. చూడాల్సింది ఆ పైవాళ్ల నేల.

తేమలెక్క
తాత గారు చెప్పింది కరెక్ట్. పైగా అంత పరీవాహకానికి 36 కి.మీ. గడి కూడా చాలు, అక్కడ చాలా గళ్లు పడతాయి. స్మాప్ రోజువారీ ఉత్పత్తి రెండు రోజులు ఆలస్యంగా చేతికొస్తుంది. పెన్నలాంటి పెద్ద నదికి అది ఫర్వాలేదు. మన్నేరు, పాలేరు, ముసి లాంటి పొట్టి ఏర్లలో వాన పడిన కొన్ని గంటల్లోనే నీళ్లు వచ్చేస్తాయి. అక్కడ ఉపగ్రహం వాన మొదలయ్యే నాటికి నేల స్థితి ఏంటో చెప్పడానికే, వరద వస్తోందని చెప్పడానికి కాదు.

మన్నేటిగట్టు
చాలా థ్యాంక్స్ అందరికీ. ముందుగా 0.2 సంగతి: అవును, ఖాళీగానే ఉంది. నేలను బట్టి మార్చాను. ఒక రన్ స్మాప్ తడి సూచికతో, ఒకటి తాత గారి పూర్వవర్ష సూచికతో చేశాను. రెండూ పాత దానికంటే మెరుగే. సెప్టెంబర్ వానలకు స్మాప్‌ది కాస్త ముందుంది, అక్టోబర్ దాటాక రెండూ దాదాపు ఒకటే. మట్టం కదలని ఆ సెప్టెంబర్ వానకు మాత్రం ఏం పెట్టినా నీళ్లు చూపిస్తూనే ఉంది. ఊహా చెరువు పెట్టాకే అది తగ్గింది. ఇప్పుడు ఆ చెరువు ఏ రోజుకు ఎంత నిండి ఉందని పెట్టాలో తెలియడం లేదు.

తేమలెక్క
చెరువు విస్తీర్ణం ఉపగ్రహమే చెబుతుంది. సెంటినెల్–2 ఫొటోలు 10 మీటర్ల స్పష్టతతో ఐదు రోజులకోసారి వస్తాయి గానీ ఈశాన్య రుతుపవనాల్లో మబ్బులే కనిపిస్తాయి. కాబట్టి సెంటినెల్–1 రాడార్ తీసుకోండి, మనవైపు 12 రోజులకోసారి. నిలకడ నీరు రాడార్‌లో నల్లగా కనిపిస్తుంది. గాలికి అలలు లేస్తే మసకబారుతుంది, చెరువు పొట్టలో చిల్లచెట్లు మొలిచి ఉంటే వాటి కింద నీరు నల్లగా రాదు. ఈ రెండూ చూసుకోండి.

చిన్న గళ్ల తేమ కావాలంటే ఇస్రో 2022 ఫిబ్రవరి 14న పంపిన ఈఓఎస్–04 కూడా సీ–బ్యాండ్ రాడారే, దాన్నుంచీ తేమ మ్యాపులు వస్తాయి. సీ–బ్యాండ్ ఎల్–బ్యాండ్ కంటే పొట్టి తరంగాలు, పైరు గుబురులోంచి లోపలికి అంతగా పోదు, కోతలైపోయిన పొలాల మీద బాగుంటుంది. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నైసార్‌లో ఎల్–బ్యాండ్, ఎస్–బ్యాండ్ రెండూ ఉన్నాయి. దాని నేల తేమ 200 మీటర్ల గళ్లలో ఇవ్వాలని తయారుచేశారు, అదీ 12 రోజుల చక్రంలోనే. మీ మోడల్‌కు రోజూ తడి ఎలా మారిందో స్మాప్ చెప్పాలి, పరీవాహకంలో ఏ మూల తడి, ఏ మూల పొడి అన్నది నైసార్ లాంటివి చెప్పాలి.

కావలి, ఉలవపాడు వైపు తీరం గళ్లు ఎవరూ వాడకండి. ఒకే గడిలో సముద్రం, రొయ్యల గుంటలు, ఉప్పు మళ్లు పడతాయి. నీటి భాగాన్ని లెక్కలోంచి తీసే సవరణ ఉన్నా, అక్కడ నేల ఎప్పుడూ తడిగానే ఉన్నట్టు వస్తుంది. చెరువులు ఎక్కువున్న గడికీ కొంత ఇదే జబ్బు.

రేగడిరైతు
చెరువు నిండిందో లేదో ఫోన్ చేసి అడిగినా చెబుతాం కదా సార్. ఊరికొకరు ఉంటారు.

మన్నేటిగట్టు
అన్నా, నిజంగా చెబితే నోట్‌బుక్‌లో రాసుకుంటా. అలుగు పారిన తేదీ చాలు.

తూముతాత
అది తీసుకో, ఉపగ్రహం 12 రోజులకు చూసేది ఊరి మనిషి ఆ పూటే చెబుతాడు. ఇక నీ రిజర్వాయర్ లెక్క గురించి రెండు మాటలు. ఇన్‌ఫ్లో నువ్వు కొలిచింది కాదు, మట్టం మార్పు నుంచి వెనక్కి కట్టింది. సోమశిల ఉత్తర కాలువ నీళ్లు కూడా రాళ్లపాడుకు వస్తాయి, ఆ రోజుల్లో కాలువ వాటా తీసేశావా? తియ్యకపోతే వాన లేని రోజు వరద వచ్చినట్టు ఉంటుంది. రెండోది, కెపాసిటీ పట్టిక ఏ ఏడాదిదో చూడు. పాతదైతే పూడిక పెరిగి ఉంటుంది, మట్టం ఒక అడుగు పెరిగిందంటే పట్టిక చెప్పినన్ని నీళ్లు వచ్చినట్టు కాదు.

మన్నేటిగట్టు
కాలువ వాటా తీశాను సార్. పట్టిక పాతదే, కొత్తది అడుగుతాను. ఇంకో అనుమానం: వరద వాన కంటే ఒక రోజు ముందే వచ్చినట్టు కొన్ని చోట్ల కనిపిస్తోంది. ఇది మాత్రం ఏం చేసినా పోవడం లేదు.

తేమలెక్క
రోజు ఎక్కడ మొదలవుతుందో చూడండి. వాతావరణ శాఖ 5వ తేదీ వాన అని రాసేది 4వ తేదీ పొద్దున 8:30 నుంచి 5వ తేదీ 8:30 దాకా పడింది. రిజర్వాయర్ మట్టం ఏ గంటకు తీస్తారో అది వేరు. ఉపగ్రహాల నుంచి నాసా కట్టే వాన లెక్క ఐమెర్జ్ వాడితే దాని రోజు గ్రీన్‌విచ్ అర్ధరాత్రి నుంచి, అంటే మనకు పొద్దున 5:30 నుంచి. స్మాప్ ఆరుకు దాటుతుంది. ఇవన్నీ ఒకే తేదీ అని పక్కపక్కన పెడితే సాయంత్రం మొదలైన వాన ఒకదానిలో నిన్న, ఇంకోదానిలో ఈ రోజు అవుతుంది. తేమను వానకు ముందుదిగా తీసుకున్నాననుకుని వాన పడ్డాక కొలిచిన తడినే పెట్టేస్తారు, ఫలితం అబద్ధంగా బాగుంటుంది.

మన్నేటిగట్టు
ఐమెర్జ్ అరగంటకోసారి ఉంటుంది కదా, గ్రీన్‌విచ్ మూడు గంటల నుంచి కూడితే సరిగ్గా మన 8:30. మండల స్టేషన్లవి గంటకోసారి ఉన్నాయి, వాటినీ అలాగే కత్తిరిస్తా. మట్టం ఏ గంటదో రిజిస్టర్ చూసి, 2021 నవంబర్ రన్ మళ్లీ చేసి ఇక్కడే పెడతాను.

తూముతాత
రిజిస్టర్‌లో గేట్లు ఎత్తిన గంట కూడా రాసుకో. అది వేరే పేజీలో ఉంటుంది.